సీత అనే పేరు: కొన్ని అభిప్రాయాలు, కొంత చరిత్ర

ఇటీవల ఒక మిత్రుడు తన కూతురికి సీత అని పేరు పెట్టాడు. పేరు చెప్పగానే రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. "ఆ పేరెందుకురా, కష్టాల పేరు" అంది పిల్ల నాయనమ్మ. "పాతివ్రత్యానికి మారుపేరు కదా అది. నువ్వు కూడా అదే పెడితే మనం ఇన్నాళ్లు సభల్లో మాట్లాడుకున్నదానికి అర్థమేముంది?" అన్నాడు ఒక సాహిత్య మిత్రుడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపించినా నిజానికి ఇద్దరి మనసులో ఉన్నది ఒకే సీత. ఆ కథను ఆమె భయంతో విన్నది, అతను కోపంతో చదివాడు. ఆ కథకన్నా ఆ పేరు పాతదన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

సీత అంటే నాగటి చాలు. ఋగ్వేదం నాలుగో మండలం 57వ సూక్తం పొలానికి, నాగలికి, ఎద్దులకు సంబంధించింది. అందులో సీతను దేవతగా పిలిచి మంచి పంట ఇమ్మని అడుగుతారు. అక్కడ రాముడు లేడు, లంక లేదు, అగ్నిపరీక్ష అంతకన్నా లేదు. దున్నేవాడికి, మట్టికి మధ్య ఉన్న సంబంధమే దేవత అయింది. తర్వాత కౌటిల్యుడి అర్థశాస్త్రానికి వస్తే ఈ మాటే రాజ్యం లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. ప్రభుత్వ వ్యవసాయాన్ని చూసే ఉద్యోగి పేరు సీతాధ్యక్షుడు. దాసులచేత, కూలివాళ్లచేత, జరిమానా కట్టలేక ఒళ్లు వంచి తీర్చుకునేవాళ్లచేత అతను విత్తనాలు వేయించాలి. రైతులు మొక్కిన చాలు ఇప్పుడు రాజు ఆదాయం అయింది. వర్గ సమాజం బలపడుతున్నప్పుడు ఒక మాట ఎలా చేతులు మారుతుందో చూడదలుచుకున్న సాహిత్య విద్యార్థులకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

వాల్మీకి కథలో జనకుడు దున్నుతుండగా నాగటి చాలులో దొరికిన పిల్ల కనుక ఆమె సీత. చివరికి ఆ మట్టిలోకే వెళ్లిపోయింది. ఆ చివరి ఘట్టమున్న ఉత్తరకాండ తర్వాతి కాలపు చేర్పు అని పండితుల్లో చాలామంది భావిస్తారు. గర్భిణిని అడవికి పంపింది, తపస్సు చేసిన శంబూకుణ్ణి చంపింది, రెండూ అదే కాండలో ఉన్నాయి. ఇది కాకతాళీయం అనుకోవడానికి నాకు మనసొప్పదు. స్త్రీకి, శూద్రుడికి హద్దులు గీయవలసిన అవసరం ఒకే కాలంలో, ఒకే వర్గానికి వచ్చింది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' రాసి ఒక హద్దును ప్రశ్నించాడు. రెండో హద్దు సంగతి తేల్చుకోవడానికి తెలుగు సాహిత్యానికి చాలా కాలం పట్టింది.

తెలుగువాళ్ల విషయంలో ఒక చిత్రం ఉంది. మన రైతుకు సీత అంటే చాలు అని తెలియదు. అతని నోట అది 'చాలు' మాత్రమే. (ఆడపిల్లలు వరసగా పుడితే 'ఇక చాలు' అనుకునే ఇళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది, అది వేరే చర్చ.) అర్థం మరుగునపడ్డ తర్వాత పేరుకు మిగిలింది కథ ఒక్కటే. అందుకే పేరు పెట్టేటప్పుడు మనవాళ్లు దాన్ని ఒంటరిగా వదలడానికి జంకినట్టున్నారు. సీతామహాలక్ష్మి, సీతారత్నం, సీతారామమ్మ. కష్టాల పేరుకు పక్కన ఒక సిరిని, ఒక మగ దేవుణ్ణి కాపలా పెట్టినట్టుంటుంది. మగపిల్లలకైతే ఆ భయం లేదు. సీతారామయ్యలు, సీతారాములు ఊరూరా ఉన్నారు. రాముడి పక్కన సీత ఉంటే పుణ్యం, సీత ఒక్కతే ఉంటే గండం.

ఈ వైరుధ్యం ఇక్కడితో ఆగదు. ఏటా శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వమే పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. శుభలేఖ మీద సీత తలంబ్రాలు పోసే శ్లోకం అచ్చు వేయించుకుంటాం. ఆ పెళ్లి ఆదర్శం. ఆ పెళ్లికూతురి పేరు మాత్రం అపశకునం! ఆదర్శమని చెబుతున్నదాని వెనక ఏముందో ఆడవాళ్లకు తెలుసు కనుకనే ఆ భయం పుట్టింది. నాయనమ్మ మాటను మూఢనమ్మకమని కొట్టెయ్యడం సులువు. అందులో ఒక అనుభవం దాగి ఉందని ఒప్పుకోవడమే న్యాయం.

ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది? కావ్యాల్లో కాదు, స్త్రీల పాటల్లో. సీత సమర్త, సీత గడియ, ఊర్మిళాదేవి నిద్ర, శూర్పణఖ పాట, కుశలవుల యుద్ధం వంటివి మన ఇళ్ల వెనక గదుల్లో తరాల తరబడి నిలిచాయి. 'సీత గడియ'లో సీత ఇంటి చాకిరీ ముగించుకుని ఆలస్యంగా వస్తే రాముడు తలుపు గడియ పెడతాడు. ఆమె అత్తగారితో చెబుతుంది. కౌసల్య కొడుకును చీవాట్లు పెడుతుంది. అవతారపురుషుడు కాస్తా ఉమ్మడి కుటుంబంలో అలిగిన మొగుడైపోయాడు.

ఇంకా పదునైనది శూర్పణఖ కథ. ఆమె మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. సీత తలెత్తి అతని ముఖం చూడలేదు, చూసిందల్లా కాలి బొటనవేలే. అదొక్కటే గీస్తుంది. శూర్పణఖ మిగతా బొమ్మ పూర్తిచేసి ప్రాణం పోయిస్తుంది. ఆ బొమ్మ వల్లే రాముడు సీతను శిక్షించడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు సీత పక్కన చేరతారు. ఊర్మిళ, తక్కిన తోడికోడళ్లు, ఆడపడుచు శాంత, తమనూ చంపమంటారు. ఏ కావ్యంలోనూ లేని ఈ ఐక్యత పాటలో ఉంది. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన తన ఇంగ్లీషు వ్యాసంలో ఈ పాటలను పరిశీలించి, బ్రాహ్మణ స్త్రీల పాటలకు, కింది కులాల స్త్రీల పాటలకు ఉన్న తేడాను కూడా చూపాడు. అంటే స్త్రీలందరికీ ఒకే సీత ఉందనడం కూడా పొరపాటే.

సామెతలు మరోలా చెబుతాయి. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ణి చూసి నవ్వుతాం. ఆ ప్రశ్నలో కూడా సీత ఎవరు అని కాదు, రాముడికి ఏమవుతుంది అనే. "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అన్న సామెతను మనం ప్రాస కోసమే అనుకుని వదిలేస్తాం. పీత వరిమడి బురదలో ఉంటుంది. సీత పుట్టిందీ పొలంలోనే. రాజు ఎత్తుకుని పోయిన బిడ్డ కష్టాలు ఇతిహాసమయ్యాయి, బురదలో మిగిలినవాళ్ల కష్టాలు ఎవరూ రాయలేదని కూలిజనం తమ మాటగా చెప్పుకున్నట్టు నాకు వినిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పేరు మీద పోరాటం నేరుగా మొదలైంది. చలం 'సీత అగ్నిప్రవేశం' నాటికలో సీత తనను నిందించిన రాముణ్ణి నిలదీసి, రావణుడి చితిలో దూకుతుంది. విశ్వనాథ సత్యనారాయణ 'రామాయణ కల్పవృక్షం' రాస్తే దానికి జవాబుగా రంగనాయకమ్మ 1974 నుంచి 'రామాయణ విషవృక్షం' వెలువరించింది. తర్వాత ఆమె ఒక మధ్యతరగతి ఇంటి కథ రాసి నాయికకు జానకి అని పేరు పెట్టింది. 'జానకి విముక్తి' పురాణం కాదు. అందులో ఉన్నది మన వీధిలో మొగుడి చేతిలో నలిగిన ఆడది. ఆ పేరు ఊరికే పెట్టిందనుకోలేం. అదే కాలంలో సినిమా మాత్రం 1934 నాటి 'లవకుశ'ను 1963లో రంగుల్లో మళ్లీ తీసి జనాన్ని ఏడిపించింది. ఏడిపించడం తప్పని కాదు. ఏడుపు హాలు బయటికి ప్రశ్నగా రాకపోవడమే లోటు.

లలితకుమారి అన్న అసలు పేరు వదిలి ఓల్గా అన్న కలం పేరు పెట్టుకున్న రచయిత్రి సీత దగ్గరికి వెనక్కి వచ్చింది. ఆమె 'విముక్త' కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. కొత్త ప్రయోగమని విమర్శకులు మెచ్చుకున్నారు. బొటనవేలి పాట పాడిన ముసలమ్మలు ఆ పని ముందే మొదలుపెట్టారని నేను అనుకుంటాను.

కల్పనలో ఉన్న సీత సంగతి ఇది. ఆ పేరు మోసిన మనుషులు ఎలా బతికారు? డొక్కా సీతమ్మ (1841-1909) లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. కొటికలపూడి సీతమ్మ వీరేశలింగం ఉద్యమంలో పనిచేసి స్త్రీవిద్య కోసం సభల్లో మాట్లాడింది, రాసింది. వాసిరెడ్డి సీతాదేవి (1933-2007) 'మట్టి మనిషి' రాసింది. భూమి మీద ఆశ ఒక రైతును ఎంతదూరం తీసుకుపోతుందో అందులో సాంబయ్య బతుకు చెబుతుంది. నక్సలైటు ఉద్యమం నేపథ్యంగా ఆమె రాసిన 'మరీచిక'ను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. నాగటి చాలు పేరున్న మనిషి మట్టి గురించి రాయడం, ప్రభుత్వానికి కంటగింపు కావడం, ఇవి కూడా ఈ పేరు చరిత్రలోనివే. మనవాళ్లు ఈ సీతలను మరిచి ఒక్క సీతతోనే ఎందుకు వాదిస్తున్నారు?

ఉద్యమాలు కొత్త పేర్లు తెచ్చాయి. మల్లు స్వరాజ్యం (1931-2022) పేరులో ఆమె పుట్టిన కాలమంతా ఉంది. క్రాంతి, అరుణ మన ఇళ్లలోకి వచ్చాయి. అవి మనం గెలుచుకున్నవి, వాటిని తక్కువ చేయను. కాని పాత పేర్లన్నీ భూస్వాముల సొత్తని వదిలేస్తే, ఐలమ్మ పేరును ఏం చేస్తాం? అది ఏ విప్లవ నిఘంటువులోంచి వచ్చింది? గ్రామదేవత పేర్లు పెట్టుకున్న ఆడవాళ్లే విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచారు. పేరు మంచిదా చెడ్డదా అని కాక, దాన్ని ఇంతకాలం ఎవరు వాడుకున్నారు, ఎందుకు వాడుకున్నారు అని నా సాహిత్య మిత్రుడు అడిగి ఉంటే బాగుండేది.

మొన్న ఆ పిల్లను బడిలో చేర్చారు. దరఖాస్తు తీసుకున్న గుమాస్తా "సీత" అని రాసుకుని కలం ఆపి తలెత్తాడట. "సీతామహాలక్ష్మాండీ?" అని అడిగాడట. "కాదండి, సీత. అంతే" అన్నాడు మా మిత్రుడు. తోక కోసం వదిలిన ఖాళీలో గుమాస్తా ఒక గీత గీశాడు.