నూనె నిండిన నిమ్మాకుకూ గజ్జి తెగులే

డోర్నకల్ చుట్టుపక్కల చేలలో పేరు మిరపది, పత్తిది. బత్తాయి, నిమ్మ తోటలు చూడాలంటే నల్లగొండ వైపు వెళ్లాలి. అయితే ఆకు నూనె సంగతి తెలుసుకోవడానికి పెరట్లో ఒక్క నిమ్మచెట్టు ఉన్నా చాలు. ఆకును ఎండకెత్తి చూస్తే సన్నని చుక్కలు మెరుస్తాయి. అవి నూనె గ్రంథులు. నలిపితే గుప్పుమనే వాసన వాటిదే.

ఆ నూనె కొన్ని బాక్టీరియాలను, శిలీంధ్రాలను అణచగలదని ప్రయోగశాల పరీక్షలు చెబుతున్నాయి. మరి ఇంత నూనె ఉన్న ఆకుకు గజ్జి తెగులు ఎందుకు పడుతుంది? దానికి మూలం జాంథోమోనాస్ అనే బాక్టీరియా. పుల్ల నిమ్మ దానికి ఇట్టే లొంగుతుంది. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి కూడా ఆ ఆకునే ఇష్టంగా తిని పెరుగుతుంది! నూనె గ్రంథుల్లోనే ఉండిపోతుంది, బాక్టీరియా మాత్రం పత్రరంధ్రాల గుండా, గాయాల గుండా దూరుతుంది. పైగా అది గ్రామ్ నెగటివ్ రకానిది. ఆ రకం బాక్టీరియాల వెలుపలి పొర నూనెలను చాలావరకు అడ్డుకుంటుంది. జవాబులో ఇవి కొంత భాగం కావచ్చు.

పైగా సిట్రస్ నూనెలన్నీ ఒకటి కావు. నారింజ తొక్క నూనెలో సాధారణంగా తొంభై శాతానికి పైగా లిమోనీన్ ఉంటుంది. అత్తరు వ్యాపారంలో పెటిట్‌గ్రెయిన్ అనే చేదు నారింజ ఆకు నూనెలో లినలైల్ ఎసిటేట్, లినలూల్ ముఖ్యం. థాయ్ వంటల్లో వాడే మక్రూట్ నిమ్మాకులో సిట్రొనెలాల్ ఎక్కువ. చెట్టు రకం, ఆకు ముదురు, కోసిన కాలం, ఆవిరి పట్టిన సేపు మారితే పాళ్లూ మారతాయి. కాబట్టి ఒక నూనెకు వచ్చిన ఫలితాన్ని మరో నూనెకు అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

పరీక్షలోనూ చిక్కుంది. బాక్టీరియా పెంచిన అగార్ పళ్లెంలో నూనెలో తడిపిన బిళ్ల చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలుస్తారు. నూనె నీటిలో కలవదు, పైగా ఆవిరైపోతుంది. అందుకే వలయం వెడల్పు శక్తికి నమ్మకమైన కొలత కాదు. కనీస నిరోధక గాఢత, అంటే పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత, కొలిచి చూడాలి. ఇక యాంటీఆక్సిడెంట్ గుణం చూసే పరీక్షలో డీపీపీహెచ్ అనే రసాయనం రంగు వెలిసిందంటే అది గాజుగొట్టంలో జరిగిన చర్య మాత్రమే, దాన్నిబట్టి శరీరంలో ఏం జరుగుతుందో చెప్పలేం.

మజ్జిగలో నలిపివేసే దబ్బాకు సంగతి వేరు. అది రుచికి, వాసనకు. అందులో చేరే నూనె అత్యల్పం. సాంద్ర నూనెను నేరుగా చర్మానికి రాయడం మాత్రం ప్రమాదం. గాలి తగిలి ఆక్సీకరణం చెందిన లిమోనీన్ అలర్జీ తేవచ్చు. గాలికి నూనె ఇలా మారుతుంది కాబట్టి నిల్వ నూనెతో పరీక్ష చేసేవారు సీసా ఎప్పుడు తెరిచారో కూడా రాసిపెట్టాలి.