వెలుగుకు రూపమిచ్చిన శిల్పులు

రాత్రివేళ దీపం వెలుగుతున్న గదిలో నిలబడి, మూసి ఉన్న కిటికీ అద్దంలోకి చూస్తే పెరడు కనబడదు. చూసేవారి ముఖమే కనబడుతుంది. దీపం ఆర్పగానే ఆ ముఖం మాయమై, చెట్టూ, గోడా, వీధీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. అద్దం మారలేదు, పెరడూ మారలేదు. మారినది వెలుగు ఒక్కటే. ఇంత సామాన్యమైన విషయాన్ని ఆధారం చేసుకొని ఇరవయ్యవ శతాబ్దంలో ఒక కొత్త వృత్తి పుట్టినది. కట్టడాలకూ, తోటలకూ, నలుగురూ తిరిగే బహిరంగ స్థలాలకూ ఎక్కడ ఎంత వెలుగు కావాలో, ఎక్కడ అసలు వద్దో నిర్ణయించడమే ఆ వృత్తిలోని పని. దీనికి లైటింగ్ డిజైన్, అనగా కాంతి రూపకల్పన అని పేరు.

దీపాల వరుసలు

పూర్వం నగరాలకు కావలసినది వెలుగు. అది ఎట్లాంటి వెలుగు అన్న ప్రశ్న అప్పటికి లేదు. 1807లో లండను నగరంలోని పాల్‌మాల్ వీధిలో గ్యాసుదీపాలు వెలిగినప్పుడు జనం వింతగా చూశారు. 1878లో పారిస్ నగరపు ఒపెరా వీధిలో యాబ్లొచ్‌కోవ్ అనే రష్యన్ ఇంజనీరు కనిపెట్టిన విద్యుత్ దీపాలు వచ్చినవి. రెండు కర్బనపు కడ్డీల కొసల మధ్య విద్యుత్తు చాపంవలె మండి వెలుగునివ్వడం వాటిలోని సూత్రం. ఆ వెలుగు కన్ను చెదిరేటంత తీక్షణమైనది. అందుచేత ఇటువంటి చాపదీపాలను కంటికి దూరంగా, ఎత్తున వేలాడదీయవలసి వచ్చేది. అమెరికాలోని ఆస్టిన్ నగరం 1894-95లో 165 అడుగుల ఎత్తు గోపురాలను నిలిపి, వాటి కొనలమీద చాపదీపాలు పెట్టి, ఊరంతటికీ కృత్రిమమైన వెన్నెల కురిపించింది. వాటిలో కొన్ని గోపురాలు నేటికీ నిలిచి ఉన్నవి.

1879 నుండి ఎడిసన్, స్వాన్‌ల బల్బులు వ్యాపించిన తరువాత కట్టడాలకు దీపాలంకరణ తేలికైనది. 1893లో చికాగోలోనూ, 1901లో బఫెలోలోనూ జరిగిన ప్రదర్శనలలో భవనాల అంచుల వెంబడి వేలకొద్ది బల్బులను బారులు తీర్చారు. ఈ పద్ధతికి మన దేశంలో అందరూ ఎరిగిన ఉదాహరణ 1912లో పూర్తయిన మైసూరు రాజభవనం. దసరా రోజులలో సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలిగినప్పుడు ఆ భవనం చీకటిమీద బంగారు గీతలతో గీసిన బొమ్మవలె కనిపిస్తుంది. ఇందులో ఒక అందం ఉన్నది. ఒక పరిమితి కూడా ఉన్నది. అంచులు కనబడతాయి గాని గోడ కనబడదు. చూసేవారికి దొరికేది దీపాల వరుసే గాని, రాతి నునుపూ చెక్కడపు లోతూ కావు.

వెలుగు వరద

గోడనే వెలిగించాలంటే బలమైన దీపం కావాలి. దానిని కంటికి కనబడకుండా దాచి ఉంచాలి. 1910లో కూలిడ్జ్ టంగ్‌స్టన్ లోహాన్ని సన్నని తీగగా సాగదీసే ఉపాయం కనిపెట్టాడు. 1913లో లాంగ్‌మ్యూర్ బల్బులో వాయువు నింపి, ఆ తీగ త్వరగా ఆవిరి కాకుండా చేశాడు. తీగను మరింత వేడిచేయడం, అందుచేత మరింత తెల్లని వెలుగు పొందడం సాధ్యమైనది. దీపం వెనుక వంపు తిరిగిన అద్దం ఉంచితే ఆ వెలుగంతా ఒకే వైపుకు మళ్లుతుంది. ఇదే వరదదీపం.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన వాల్టర్ డార్సీ రయన్ బల్బుల బారులను తీసివేయించి, దీపాలను దాచి, గోడలమీదికి వెలుగును పారించాడు. 435 అడుగుల ‘రత్నాల గోపురం’ మీద లక్షకు పైగా సానపట్టిన గాజు ముక్కలను కొక్కేలకు వేలాడదీశాడు. గాలికి అవి ఊగినప్పుడల్లా గోపురమంతా తళుక్కుమనేది. మరుసటి సంవత్సరం డిసెంబరు 2న న్యూయార్కు రేవులోని స్వాతంత్ర్య ప్రతిమకు వరదదీపాలు అమర్చారు. 1886లో ఆ ప్రతిమను ఆవిష్కరించినప్పుడు చేతిలోని కాగడాలో దీపాలు పెట్టారు గాని, దూరానికి అవి మిణుగురువలె కనబడేవి. దీపాన్ని పట్టుకొన్న చేతిలో కాక, చూడవలసిన శరీరంమీద వెలుగు పడాలని తెలియడానికి ముప్పై ఏండ్లు పట్టినది.

సలహాకు వెలకట్టని రోజులు

అంతవరకు దీపాల సలహా ఇచ్చేవారు దీపాలు అమ్మే కంపెనీలవారే. ఎన్ని ఎక్కువ దీపాలు అమ్ముడుపోతే వారికి అంత లాభం. ఈ స్థితిలో 1935లో రిచర్డ్ కెల్లీ అనే పాతికేండ్ల యువకుడు న్యూయార్కులో సొంత కార్యాలయం తెరిచాడు. వెలుగును గురించి ఆలోచించిపెట్టడమే ఆయన పని. కాని ఆలోచనకు డబ్బిచ్చేవారు లేరు. అందుచేత తొలిరోజులలో ఆయన కూడా దీపపు సామగ్రి అమ్మి జీవించవలసి వచ్చినది. వాస్తుశిల్పం తెలియకుండా భవనానికి వెలుగు కల్పించడం సాధ్యంకాదని గ్రహించి, ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1944లో వాస్తుశిల్పంలో పట్టా పొందాడు.

1952లో కెల్లీ తన పద్ధతిని సూత్రీకరించాడు. ఆయన వెలుగును మూడు విధాలుగా విభజించాడు. మొదటిది పరిసర కాంతి. మబ్బు కమ్మిన ఉదయం పొలంగట్టుమీద ఉండే వెలుగు ఇట్టిది. నీడలుండవు, అన్నీ సమంగా కనబడతాయి, భయముండదు, ఉత్సాహమూ ఉండదు. రెండవది కేంద్రిత కాంతి. చీకటిలో హరికథ చెప్పే దాసుగారిమీద పడే దీపం, చదువుకొనే పిల్లవాని పుస్తకంమీద పడే దీపం ఇట్టివి. చూపు ఎక్కడికి పోవాలో ఇది చెబుతుంది. మూడవది తళుకు కాంతి. దీపావళినాటి ప్రమిదల వరుస, చెరువు అలలమీద సూర్యుని మెరుపు ఈ కోవకు చెందినవి. ఇది మనస్సుకు ఉల్లాసం కలిగిస్తుంది. ఈ మూడింటిని ఏ పాళ్లలో కలపాలన్నదే రూపకర్త ముందున్న ప్రశ్న.

దీనికి మూలం కంటి స్వభావంలో ఉన్నది. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్స్. ఒకదానికొకటి నాలుగు లక్షల రెట్లు తేడా ఉన్నా, కన్ను రెండింటిలోనూ దారి చూసుకొంటుంది. కన్ను వెలుగును తూకం వేయదు, పక్కనున్న వెలుగుతో పోల్చి చూస్తుంది. పక్కది మసకగా ఉంటే చిన్న దీపమైనా రాజ్యమేలుతుంది.

అద్దాల ఇల్లు

ఈ సూత్రానికి పరీక్ష 1949లోనే జరిగినది. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ కేనన్‌లో వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ తనకోసం 56 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు గల ఇల్లు కట్టుకొన్నాడు. దాని నాలుగు గోడలూ అద్దాలే. పగలు చుట్టూ పచ్చని తోట. రాత్రి దీపం వెలిగిస్తే నాలుగు వైపులా నల్లని అద్దాలు, వాటిలో తన నీడలే.

అద్దానికి రెండు ముఖాలున్నవి. ఎదురుగా పడిన వెలుగులో ఒక్కొక్క ముఖం నూటికి సుమారు 4 వంతులు వెనక్కు పంపుతుంది. గదిలోని వస్తువుల ప్రకాశం 100 అనుకొంటే, అద్దం నుండి తిరిగివచ్చేది సుమారు 8. తోట ప్రకాశం 1 అయితే, అద్దం దాటి లోపలికి వచ్చేది ఒకటి కన్న తక్కువే. ఎనిమిది ముందు ఒకటి కనబడదు. మరి తోట ప్రకాశాన్ని 20కి పెంచి, గది ప్రకాశాన్ని 20కి తగ్గిస్తే? తిరిగివచ్చేది 2కు లోపు. లోపలికి వచ్చేది సుమారు 18. అద్దం మాయమై తోట మళ్లీ కనబడుతుంది.

కెల్లీ చేసినది సరిగ్గా ఇదే. బయట చెట్లమీదికి దీపాలు తిప్పాడు. లోపలి దీపాలను కంటికి కనబడకుండా కప్పి, వాటి వెలుగును పైకప్పుకు కొట్టి మెత్తగా కిందికి జారేటట్లు చేశాడు. కావలసినప్పుడు తగ్గించుకొనే వీలు కల్పించాడు. తెరలు కట్టకుండా, కొత్త గోడ లేపకుండా, కేవలం వెలుగుల పాళ్లు మార్చి ఆ ఇంటిని నివాసయోగ్యం చేశాడు.

గాజు గోపురం, రాతి గోడ

1958లో న్యూయార్కులో మీస్ వాన్ డెర్ రో, ఫిలిప్ జాన్సన్‌లు నిర్మించిన 38 అంతస్తుల సీగ్రామ్ భవనానికి కూడా వెలుగు కెల్లీదే. వరదదీపాలతో బయటినుండి వెలిగించడానికి అక్కడ రాతి గోడ లేదు. ఉన్నది కంచూ గాజూ మాత్రమే. గాజుమీద పడిన వెలుగు లోపలికి పోతుంది. అందుచేత కెల్లీ దిశ మార్చాడు. ప్రతి అంతస్తులోనూ కిటికీల వెంబడి పైకప్పు అంచును వెలిగే పట్టీగా చేశాడు. రాత్రివేళ భవనం లోపలినుండి వెలిగి, వీధికంతటికీ ఒక పెద్ద లాంతరువలె నిలిచినది.

కింది హాలులో లిఫ్టుల చుట్టూ ఉన్న ట్రావర్టైన్ రాతి గోడలను పైనుండి కిందికి ఒకే తీరుగా వెలిగించడం మరొక పని. ఇది తేలిక కాదు. దీపం నుండి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కప్పులో దీపం పెడితే గోడ పైభాగం తెల్లబడి, అడుగు నల్లబడుతుంది. కాబట్టి దీపాన్ని గోడనుండి కొంత ఎడంగా పెట్టి, దాని ప్రతిఫలకం అడుగు వైపుకు ఎక్కువ వెలుగు పంపేటట్లు వంపు తీర్చాలి. ఇటువంటి దీపాలను తయారుచేయడంలో కెల్లీకి ఎడిసన్ ప్రైస్ అనే పనిమంతుడు తోడైనాడు.

సూర్యునితో పని

కెల్లీ చేసిన పనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది దీపంతో కాదు, సూర్యునితో చేసినది. టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో లూయీ కాన్ నిర్మించిన కింబెల్ చిత్రశాల 1972లో ప్రారంభమైనది. చిత్రాలను పగటి వెలుగులోనే చూడాలని కాన్ పట్టుదల. కాని టెక్సాస్ ఎండ నేరుగా పడితే రంగులు వెలిసిపోతాయి. కాన్ కాంక్రీటు కమానుల నడినెత్తిన పొడవాటి చీలికలు ఉంచాడు. ఆ చీలికల కింద కెల్లీ రెక్కలవలె వంగిన అల్యూమినియం రేకులు వేలాడదీశాడు. దిగివచ్చిన ఎండ రేకును తాకి, మళ్లీ పైకి పోయి, కాంక్రీటు కమాను లోపలి వంపుమీద పరుచుకొని, అక్కడినుండి మెత్తగా గదిలోకి దిగుతుంది. రేకులకు సన్నని రంధ్రాలుండటం వల్ల అవి నల్లగా కనబడవు. రేకు వంపును లెక్కకట్టడానికి ఆ రోజులలోనే కంప్యూటరు సాయం తీసుకొన్నారు. బూడిదరంగు కాంక్రీటు వెండివలె మెరుస్తుంది. మబ్బు పట్టినప్పుడల్లా ఆ వెండి రంగు మారుతుంది.

1969లో లైటింగ్ డిజైనర్ల అంతర్జాతీయ సంఘం ఏర్పడినది. 1977లో కెల్లీ మరణించేనాటికి, ఒకప్పుడు ఎవరూ వెలకట్టని సలహా ఒక గౌరవప్రదమైన వృత్తిగా స్థిరపడినది.

చీకటికి కూడా చోటు

ఈ చరిత్రకు మరొక వైపు ఉన్నది. వెలుగు చౌక అయినకొద్దీ దానిని వెదజల్లడం పెరిగినది. ఆకాశంలోకి పోయిన వెలుగు గాలిలోని ధూళికీ తేమకూ తగిలి చెదిరి, నక్షత్రాలను కప్పివేస్తుంది. అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నగరం తన ఖగోళ పరిశోధనశాలను కాపాడుకోవడానికి 1958లోనే ఆకాశంలో తిరిగే ప్రకటనల వెలుగులను నిషేధించినది. సీగ్రామ్ భవనం వెలిగినదీ ఆ ఏడాదే. హైదరాబాదులోని నిజామియా వేధశాల 48 అంగుళాల దూరదర్శినిని 1960లలో బేగంపేటలో కాక, నగర దీపాలకు ఎడంగా జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర నెలకొల్పారు. 2022లో లడఖ్‌లోని హన్లే ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

నీలిరంగు ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమానం లభించినది. తక్కువ విద్యుత్తుతో తెల్లని వెలుగు వచ్చే దారి దానితోనే ఏర్పడినది. ఇప్పుడు దేవాలయ గోపురాన్ని గాని, వంతెనను గాని, కూడలిలోని విగ్రహాన్ని గాని ఎంతైనా వెలిగించవచ్చును. అందుచేతనే ఎంత వెలిగించాలన్న ప్రశ్న మునుపటికన్న ముఖ్యమైనది. అన్ని వైపులా సమంగా వెలిగించిన విగ్రహానికి ముక్కూ కనుబొమ్మా కలిసిపోతాయి. ఒక పక్కగా వెలిగిస్తే నీడ వాటికి రూపమిస్తుంది.

దీనిని పాఠశాలలోనే పరీక్షించవచ్చును. చీకటి గదిలో ఒక మట్టిబొమ్మను బల్లమీద ఉంచి, విద్యార్థులు ఒక టార్చిలైటును ముందు ఎదురుగా, తరువాత పక్కనుండి, ఆ తరువాత పైనుండి పట్టి చూడాలి. బొమ్మ ఒక్కటే, దీపమూ ఒక్కటే. ముఖాలు మాత్రం మూడు కనబడతాయి. తరువాత రెండవ టార్చిని కూడా వెలిగించి, ఆ ముఖాలలో ఏవి చెరిగిపోయినవో గమనించాలి. కెల్లీ జీవితమంతా సాధన చేసిన పాఠం ఆ బల్లమీదనే కనబడుతుంది.