కాలిఫోర్నియాలో మైనర్ల పని అనుమతి పత్రం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో 18 సంవత్సరాలు నిండని బాలబాలికలు జీతానికి పనిచేయాలంటే పొందవలసిన పత్రమే పని అనుమతి పత్రం (వర్క్ పర్మిట్). సాధారణంగా దీనిని పాఠశాల లేదా స్కూల్ డిస్ట్రిక్టు అధికారులు జారీ చేస్తారు. ఉద్యోగం వలన విద్యార్థి చదువుకు, ఆరోగ్యానికి భంగం కలుగకుండా చూడడం దీని ఉద్దేశం. 1938 నాటి ఫెడరల్ కార్మిక చట్టం ఇటువంటి పత్రాన్ని కోరదు; ఇది రాష్ట్ర చట్టం విధించిన నియమం.

పొందే విధానం

ముందుగా ఉద్యోగం ఖాయం కావాలి. తరువాత పాఠశాలలో లభించే దరఖాస్తును విద్యార్థి, తల్లి లేదా తండ్రి, యజమాని పూర్తిచేసి సంతకాలు చేయాలి. పాఠశాల దానిని పరిశీలించి అనుమతినిస్తుంది. 2024 ఆగస్టు నుండి దరఖాస్తుదారులకు కార్మిక హక్కులను వివరించే పత్రం కూడా ఇస్తున్నారు. వేసవి సెలవులలో చేసే పనికి సైతం అనుమతి తప్పనిసరి. తరువాతి విద్యాసంవత్సరం మొదలైన 5 రోజులకు పత్రం గడువు ముగుస్తుంది. చదువు దెబ్బతింటున్నదని భావిస్తే అధికారులు అనుమతిని రద్దు చేయవచ్చు.

పని గంటలు

* 14, 15 ఏళ్ళవారు: బడి ఉన్న రోజున 3 గంటలు, సెలవు రోజున 8 గంటలు, బడి జరిగే వారంలో మొత్తం 18 గంటలు. ఉదయం 7 నుండి రాత్రి 7 వరకు మాత్రమే. జూన్ 1 నుండి సెప్టెంబరులోని కార్మిక దినం వరకు రాత్రి 9 దాకా పనిచేయవచ్చు.
* 16, 17 ఏళ్ళవారు: బడి ఉన్న రోజున 4 గంటలు, సెలవు రోజున 8 గంటలు, వారానికి 48 గంటలు. ఉదయం 5 నుండి రాత్రి 10 వరకు. మరునాడు సెలవైతే రాత్రి 12:30 దాకా.

మాంసం కోసే యంత్రాలు నడపడం వంటి ప్రమాదకరమైన పనులు 18 ఏళ్ళలోపు వారికి నిషిద్ధం.

మినహాయింపులు

ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసినవారికి ఈ పత్రం అవసరం లేదు. ఇరుగుపొరుగు ఇళ్ళలో అప్పుడప్పుడు పసిపిల్లలను చూసుకోవడం, పచ్చిక కోయడం వంటి పనులకూ అక్కరలేదు. సినిమా, టెలివిజన్ నటనకు మాత్రం కార్మిక కమిషనరు కార్యాలయం వేరుగా అనుమతినిస్తుంది.

వలస కుటుంబాల పిల్లలు

పాఠశాల ఇచ్చే పత్రానికీ, వలస విభాగం ఇచ్చే ఉద్యోగ అనుమతికీ సంబంధం లేదు. వాడుకలో రెండింటినీ వర్క్ పర్మిట్ అనడం వలన పొరపాటు పడే అవకాశం ఉంది. హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగువారి పిల్లలు సాధారణంగా హెచ్-4 హోదాలో ఉంటారు. ఈ హోదాలో ఉద్యోగం చేయరాదు. 2015లో కల్పించిన వెసులుబాటు కొందరు జీవిత భాగస్వాములకే గాని పిల్లలకు వర్తించదు. కనుక పాఠశాల పత్రం చేతిలో ఉన్నా, హెచ్-4 విద్యార్థి జీతానికి పనిచేస్తే వలస నిబంధనలను ఉల్లంఘించినట్లే. గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి దశకు చేరి, దాని ఆధారంగా ఉద్యోగ అనుమతి కార్డు పొందినవారు, గ్రీన్‌కార్డుదారులు, అమెరికా పౌరులైన పిల్లలు మాత్రం పాఠశాల అనుమతితో పనిచేయవచ్చు.