నిషిద్ధాక్షరి, అప్రస్తుత ప్రసంగం: అవధానంలో రెండు నమ్యతలు

వనపర్తి సంస్థానాధీశులు, పొరుగున గద్వాల, ఆత్మకూరు ప్రభువులు పండితపోషణకు పేరుపడ్డవారు. జంటగా అవధానాలు చేసిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఈ సంస్థానాలకు వచ్చారు. ఇలాంటి రాజదర్శనాల పద్యాలే ‘నానారాజ సందర్శనము’. మనస్తత్వశాస్త్రం నేడు విడివిడిగా కొలుస్తున్న రెండు గుణాలు, పలువురు పృచ్ఛకుల (ప్రశ్నించేవారి) ప్రశ్నలకు సభలో ఆశువుగా పద్యాలతో బదులిచ్చే అవధానంలో ఒకే మనిషిలో కలిసి పనిచేస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మొదటిది ఆలోచనా నమ్యత: నియమం మారినప్పుడు పాత దారి వదిలి కొత్త దారి పట్టే శక్తి. 1948లో గ్రాంట్, బెర్గ్ ప్రకటించిన విస్కాన్సిన్ కార్డుల పరీక్షలో రంగు, ఆకారం, సంఖ్యలలో దేన్నిబట్టి కార్డులు వేరుచేయాలో చెప్పరు. తప్పొప్పులు మాత్రమే చెబుతారు. కుదిరిందనుకునేసరికి నియమం మారుస్తారు. పాత నియమాన్నే పట్టుకు వేలాడినవారికి తప్పులు పెరుగుతాయి.

రెండోది మానసిక నమ్యత. మనస్తత్వశాస్త్రవేత్త స్టీవెన్ హేస్, ఆయన సహచరుల వివరణలో ఇది బాధ కలిగించే తలంపులను, భావాలను తోసేయకుండా ఉండనిస్తూనే, తనకు విలువైన పనిని కొనసాగించడం. దీని లోపాన్ని అంచనా వేయడానికి 2011లో వచ్చిన ప్రశ్నావళిలో 7 వాక్యాలున్నాయి. మొదటిదాన్ని పనితీరుతో, రెండోదాన్ని స్వీయ నివేదనతో కొలిచినప్పుడు ఆ రెండు అంకెల పొత్తు చూసి సంబంధం తేల్చడం తొందరపాటే.

ఇక అవధానం చూద్దాం. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాదగిన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. యతిప్రాసలు చెడకుండా, అర్థం తప్పకుండా అవధాని మరో పదం వెతకాలి. కార్డుల పరీక్షకంటే ఇది కఠినం. అక్కడ నియమం అప్పుడప్పుడు మాత్రమే మారుతుంది, ఇక్కడ అడుగడుగునా దారి మూసుకుపోతుంది. పైగా సమస్య, దత్తపది, వర్ణన వంతులవారీగా సాగుతుంటాయి. చివర ధారణలో పద్యాలన్నీ ఒప్పజెప్పాలి.

అప్రస్తుత ప్రసంగి పని వేరు. ఏ క్షణంలోనైనా అడ్డుతగిలి కొంటె ప్రశ్న వేస్తాడు. అవధాని అతణ్ణి కసురుకోకూడదు, మౌనంగా దాటేయకూడదు. సభ మెచ్చేలా బదులిచ్చి, ఆగినచోటి నుంచే పద్యం అందుకోవాలి. సభాకంపం, చిరాకు, మరిచిపోతానేమోనన్న భయం మనసులో ఉన్నా పద్యం ఆగకూడదు. మానసిక నమ్యతకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి ఆలోచనా నమ్యత ఒక సామర్థ్యం, దాన్ని విలువైన పనికి కట్టిపడేసేది మానసిక నమ్యత అని నా వాదన. పదసంపద ఎంత ఉన్నా భయంతో పెనుగులాడే మనసుకు ప్రత్యామ్నాయ పదం సమయానికి తోచదు. నిబ్బరమెంత ఉన్నా ఛందస్సు వశంకాని వాడికి పద్యం నడవదు.

ఇది ఊహగా మిగిలిపోకూడదు. అవధానులకు రెండు కొలతలూ వర్తింపజేసి, అడ్డంకి తర్వాత ధార అందుకోవడానికి పట్టే సమయంతో వాటిని పోల్చవచ్చు. వనపర్తి, గద్వాల సంస్థానాల వారసత్వమున్న గడ్డపై 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం తెలుగు పండితులను, మనస్తత్వ శాస్త్రజ్ఞులను ఒకచోట కూర్చి ఈ పరిశోధనకు పూనుకోవాలి.