ఇల్లు ఎవరు కట్టాలి? లాతూరు నుంచి భుజ్ వరకు భూకంప సహాయం

ప్రవేశిక

భూకంప సహాయం అనగానే గుడారాలు, అన్నం పొట్లాలు, దుప్పట్ల లారీలు మనసులో మెదులుతాయి. ప్రాణం నిలబెట్టేవి అవే. కానీ బాధితుడి బతుకు మళ్లీ నిలబడేది సొంత గడప మీదనే. ఆ గడపను ఎవరు కట్టాలన్న ప్రశ్నకు ఎనిమిదేళ్ల తేడాలో రెండు రాష్ట్రాలు వేర్వేరు సమాధానాలిచ్చాయి. ఆ రెండింటి పోలికే ఈ వ్యాసం.

లాతూరు: ఇచ్చిన ఇళ్లు

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగించుకుని జనం నిద్రపోతున్న వేళ, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతం 6.2 తీవ్రతతో కంపించింది. హైదరాబాదులోనూ ప్రకంపనలు తెలిశాయి. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవారి మీద కూలడంతో వేలాది మంది మరణించారు.

బాగా దెబ్బతిన్న 52 గ్రామాలను వేరే చోటికి తరలించి, అక్కడ ఇళ్లు కట్టించారు. ప్రపంచ బ్యాంకు రుణం, దాతల ఉదారత తోడయ్యాయి. అయితే కొత్త ఊళ్లు పట్టణ కాలనీల్లా తిన్నని వరుసల్లో వెలిశాయి. ఇరుగుపొరుగు చెదిరింది. గొడ్డూగోదా కట్టేసుకోవడానికి, పంట దాచుకోవడానికి రైతు ఇంట్లో తావు కరవైంది. గోడలు గట్టివే, కానీ ఆ ఇంట్లో సాగాల్సిన బతుకు లెక్కలోకి రాలేదు.

భుజ్: కట్టుకున్న ఇళ్లు

2001 జనవరి 26 ఉదయం 8.46 గంటలకు గుజరాత్‌లోని కచ్‌ను 7.7 తీవ్రత గల భూకంపం కుదిపేసింది. అధికారిక లెక్కల ప్రకారం 13,805 మంది మరణించారు. లక్షా 60 వేల మందికి పైగా గాయపడ్డారు. అంజార్‌లో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న పిల్లలు ఇరుకు సందులో శిథిలాల కింద సమాధి అయ్యారు. భుజ్‌లో జిల్లా ఆసుపత్రే కూలిపోగా, రెడ్‌క్రాస్ జూబిలీ మైదానంలో గుడారాల ఆసుపత్రి నడిపింది.

గ్రామాలను తరలించే ఆలోచన ఇక్కడా వచ్చింది. చాలా గ్రామాలు ఒప్పుకోలేదు. దాంతో ఇంటి యజమానే ఇల్లు కట్టుకునే పద్ధతి ప్రధానమైంది. సహాయపు సొమ్ము వాయిదాల్లో బ్యాంకు ఖాతాలో పడేది. కట్టుబడిని ఇంజనీరు తనిఖీ చేసి సరేనంటేనే తర్వాతి వాయిదా వచ్చేది. వేలాది తాపీమేస్త్రీలు భూకంపాన్ని తట్టుకునే కట్టుబడి నేర్చుకున్నారు. స్వచ్ఛంద సంస్థల కూటమి అయిన కచ్ నవనిర్మాణ్ అభియాన్ ‘సేతు’ కేంద్రాలు తెరిచి, ప్రభుత్వ నిబంధనలను గ్రామస్థులకూ, గ్రామస్థుల గోడును అధికారులకూ చేరవేసింది. సుమారు 2 లక్షల కొత్త ఇళ్లలో అత్యధిక భాగం యజమానులు కట్టుకున్నవే.

పరిశీలన

పరిశోధకురాలు జెన్నిఫర్ డ్యూన్ బారెన్‌స్టయిన్ 2006లో ప్రచురించిన తులనాత్మక అధ్యయనం గుజరాత్ అనుభవాన్ని తూచి చూసింది. ఆర్థిక, సాంకేతిక సాయంతో తామే కట్టుకున్నవారిలో సంతృప్తి ఎక్కువ. కొత్త చోట గుత్తేదారు కట్టించిన ఊళ్లలో అతి తక్కువ. స్థానిక జ్ఞానం విలువా ఇక్కడే తెలిసింది. 1819 నాటి మహాభూకంపాన్ని చవిచూసిన కచ్‌లోని బన్ని ప్రాంతంలో గుండ్రని మట్టి ఇళ్లు, ‘భుంగా’లు, 2001లోనూ చాలావరకు నిలిచాయి.

యజమానే కట్టుకునే పద్ధతికీ లోపముంది. పరిహారం ఆస్తి పత్రంతో ముడిపడినప్పుడు అద్దెకున్నవారు, పత్రాలు లేని పేదలు వెనకబడ్డారు. సహాయ పంపిణీలో దళితుల పట్ల, ముస్లింల పట్ల వివక్ష జరిగిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. ‘యజమాని’ అన్న మాటలోకి ఎవరు వస్తారో ముందే తేల్చకపోతే మంచి విధానం కూడా ఉన్నవాడికే మేలు చేస్తుంది.

ముగింపు

బాధితుడు చేయి చాచేవాడు కాదు, తన ఇంటికి తానే మేస్త్రి అని గుర్తించినప్పుడే సహాయం నిలుస్తుంది. ఈ పాఠం మనకూ అవసరమే. 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కంపించాయి. మన నేలకూ ఈ ముప్పు ఉంది. అందుకే మన మేస్త్రీలకు శిక్షణ, ఇల్లు లేనివారికీ వర్తించే పరిహార నిబంధనలు, గ్రామసభల మాటకు విలువ, ఈ మూడూ భూమి నిశ్చలంగా ఉన్న ఇప్పుడే సిద్ధం కావాలి.