రాకను తెలిపే ఆంగ్ల క్రియలు

రావడం, చేరడం, సమీపించడం అనే అర్థాలనిచ్చే ఆంగ్ల క్రియలలో ముఖ్యమైనవి కమ్, అరైవ్, రీచ్, అప్రోచ్. తెలుగులో 'చేరు' అనే ఒక్క క్రియ చేసే పనిని ఆంగ్లంలో అరైవ్, రీచ్ పంచుకుంటాయి. కర్నూలు, కడప ప్రాంతాల తెలుగు మాధ్యమ విద్యార్థులకు చిక్కు ఇక్కడే వస్తుంది. 'కడపకు చేరాడు' అనే వాక్యంలోని 'కు' ప్రత్యయాన్ని తలచుకొని రీచ్ తరువాత 'టు' చేరుస్తారు. ఇది దోషం, పరీక్షలో మార్కులు పోయేది కూడా ఇందుకే. రీచ్, అప్రోచ్ అనేవి స్థలనామాన్ని నేరుగా గ్రహిస్తాయి. అరైవ్ తరువాత నగరానికి 'ఇన్' (అరైవ్ ఇన్ కర్నూల్), స్టేషను వంటి చోటుకు 'ఎట్' (అరైవ్ ఎట్ ఎర్రగుంట్ల జంక్షన్) వాడాలి.

పదబంధ క్రియలలో రైలు ప్లాట్‌ఫారం మీదికి రావడాన్ని పుల్ ఇన్ అనీ, విమానం నేలకు దిగడాన్ని టచ్ డౌన్ అనీ అంటారు. టర్న్ అప్ అంటే అనుకోకుండానో ఆలస్యంగానో రావడం. పెళ్ళికి వచ్చిన పెద్దల విషయంలో ఈ మాట వాడకపోవడం మంచిది.

దూరాన కనబడే బస్సును చూసి సీమవాసులు 'వస్తాండాది' అంటారు. దీనికి 'ఈజ్ కమింగ్' సరిపోతుంది. సెలవు తీసుకునేటప్పుడు అనే 'పోయొస్తా'కు మాత్రం ఆంగ్లంలో సమానపదం లేదు. ఉత్త 'పోతా' అనడం అశుభమని పెద్దల భావన. అందుచేతనే దక్షిణాదిన 'గో అండ్ కమ్' అనే ప్రయోగం పుట్టింది. ఆంగ్లేయులకు ఇది వింతగా తోస్తుంది.