వరి కాండము పొడుగు వెనుక కథ



మన మొగుళ్లపల్లి చెరువుల కింద వరి కంకి వేసిన తరువాత ఈదురుగాలితో ఒక వాన కొట్టిందంటే రైతు గుండె గుభేలుమంటుంది. చేను పడిపోతే గింజ నీటిలో నాని మొలకెత్తును, కోత ఖర్చు పెరుగును. వెనుకటి రోజులలో ఈ బాధ ఇంకా హెచ్చు. అప్పటి వరి రకాలు మనిషి రొమ్ము ఎత్తు దాకా పెరిగేవి. యూరియా వేస్తే గడ్డి పెరిగి, చేను తన బరువుకు తానే ఒరిగేది. ఎరువు వేయడమే పాపమన్నట్లుండేది!

ఈ పొడుగు ఎక్కడినుండి వస్తున్నదో తెలియుటకు జపాను నారుమళ్లు దారి చూపినవి. అక్కడ కొన్ని మొక్కలు తోటివాటిని మించి సన్నగా సాగి, పాలిపోయి, గింజ పట్టకుండానే చచ్చేవి. దానిని ‘బకనే’, అనగా తెలివిమాలిన మొలక, అన్నారు. 1926లో తైవానులో పనిచేస్తున్న కురోసావా అనే శాస్త్రజ్ఞుడు ఆ తెగులు బూజును పెంచిన ద్రవమును వడగట్టి, బూజు లేకుండా దానినే మొక్కలకిచ్చి చూశాడు. మొక్కలు అదే తీరున సాగినవి! 1935లో యబుటా ఆ పదార్థమునకు జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ఆరోగ్యమైన మొక్క కూడా దీనిని కొద్దికొద్దిగా తయారు చేసుకొనునని తరువాత తేలింది. ఎద్దుకు పగ్గమున్నట్లు మొక్కలో ఎదుగుదలను పట్టి ఉంచే మాంసకృత్తులున్నవి. జిబ్బరెల్లిన్ ఆ పగ్గమును విప్పును.

ఇక మన పొలాల సంగతి. 1966లో ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐఆర్-8 రకమును విడుదల చేసింది. తైవాను పొట్టి వరి దాని తండ్రి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని సాగు చేసి, విత్తనము పెంచి, ఇతర రైతులకు అందించారు. ఎరువు వేసినా చేను నిలబడింది. అన్నం మాత్రం చల్లారితే గట్టిపడేది, ఆ మాట ఒప్పుకోవాలి. అది ఎందుకు పొట్టిగా ఉన్నదో 2002లో గాని తేలలేదు: కాండములో జిబ్బరెల్లిన్ తయారుచేసే ఒక జన్యువు దానిలో చెడి ఉన్నది. కంకిలో ఆ పని చూచే జన్యువు వేరు, అది బాగానే ఉంది. అందుకే కాండము తగ్గింది గాని గింజ తగ్గలేదు. 1986లో బాపట్ల నుండి వచ్చిన సాంబ మసూరిలోనూ ఆ తైవాను పొట్టి వరి పాలు ఉన్నది.

పడిపోవుట ఒకటి, మునుగుట మరొకటి. 2023 జూలైలో మన జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. పొలాల మాట చెప్పనక్కరలేదు గదా. వరి మునిగినప్పుడు ఇథిలీన్ వాయువు బయటికి పోలేక మొక్కలోనే నిలుచును. అది జిబ్బరెల్లిన్ను రేపగా, మొక్క నీటిపైకి తలెత్తాలని సాగును. నాలుగు రోజులలో నీరు తీస్తే సరే. వారం దాటి నిలిచిందా, దాచుకొన్న పిండిపదార్థమంతా ఖర్చయి, నీరు తీసేసరికి మెత్తబడి కూలిపోవును. ఒడిశా పాత రకము ఎఫ్ఆర్-13ఎ అట్లు తొందరపడదు. దానిలోని సబ్-1 జన్యువు జిబ్బరెల్లిన్ మాట చెల్లనీయదు. మార్టేరు స్వర్ణలో ఆ జన్యువును చేర్చి 2009లో స్వర్ణ-సబ్1 విడుదల చేశారు. నాటిన తరువాత పిలకల దశలో రెండు వారాల దాకా మునిగినా చాలావరకు తిరిగి చిగురించును. పూత మీద మునిగితే మాత్రం ఇదీ కాపాడదు.

వాగు ఒడ్డున మడులున్నవారు నారు పోయకముందే ఈ విత్తనము కోసం విచారించండి. అయితే ఇది సుమారు 145 రోజుల పైరు. మీ చెరువు అన్నాళ్లు నీరిస్తుందో లేదో ముందు చూచుకోండి.